స్టోరక్క చదువు బేరం

ఆ మందుల గోడౌనులో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ స్టోరక్క. ఏ పెట్టె ఏ అరలో ఉందో, ఏ మందుకు ఎప్పుడు గడువు తీరుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పదహారేళ్ళ పని మరి. యజమాని పెద్దాయన మంచాన పడి వ్యాపారం కొడుకు చేతికి వచ్చాక లెక్క మారింది. స్టోరు చూసేవాళ్ళకు గోడౌను నిర్వహణలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఉండాలని చిన్నసారు గోడకు కాగితం అంటించాడు. డిగ్రీ తర్వాత చేసే తొమ్మిది నెలల కోర్సు అది. చేరనివాళ్ళు వచ్చే నెల నుంచి ప్యాకింగు బల్ల దగ్గర నిలబడాలి. జీతం సగం.

చేరడానికి ఈ రోజే ఆఖరు. ఐదింటికి కోర్సు ఆఫీసులో ఫీజు కట్టే కిటికీ మూస్తారు. ఫీజు ఆమె నాలుగు నెలల జీతం. చేతిలో ఉన్నది సరిగ్గా అంతే, అదీ కొత్త ఇంటికి ఇవ్వాల్సిన అడ్వాన్సు. ఇప్పుడున్న ఇంటివాడు నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొద్దున మొగుణ్ణి అడిగి చూసింది. "కట్టమంటావా, వద్దంటావా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమైతే నిన్నెందుకు అడుగుతాను?"

"రేపు తేడా వస్తే నా నెత్తిన రుద్దడానికి," అన్నాడతను చెప్పులు వేసుకుంటూ.

నిజమే. నష్టంలో వాటాదారు ఉంటే బరువు తగ్గుతుందని ఆమె ఆశ.

వాళ్ళ నాన్నది చిల్లర కొట్టు. సరుకు ఎలాంటిదో వాడినవాణ్ణి అడగాలి గానీ అమ్మేవాణ్ణి కాదు అనేవాడు. అందుకని మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆ కోర్సు చేసిన మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆమె దగ్గరే పని నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని గోడౌను మానేసిన కుర్రాడు, ఆమె కళ్ళజోడు తమ్ముడని పిలిచేవాడు. ఇప్పుడొక కోల్డ్‌స్టోరేజీ గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసుకుంటున్నాడు.

"నిజం చెప్పమంటావా అక్కా, ధైర్యం చెప్పమంటావా?"

"ధైర్యం చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. నిజం చెప్పు."

"నువ్వు నాకు నెలలో నేర్పిందే తొమ్మిది నెలలు సాగదీశారు. కాకపోతే బొమ్మలేసి చూపించారు."

"మరి ఉద్యోగం?"

"కాగితం చూసి పిలుస్తారు. పిలిచాక, ఎన్నేళ్ళు చేశావంటారు."

"నాకు ఏళ్ళున్నాయి, కాగితం లేదు."

"మనిద్దర్నీ కలిపి కుడితే ఒక ఉద్యోగం వస్తుందిలే." నవ్వి, గొంతు తగ్గించాడు. "కానీ అక్కా, అది లేకపోతే ఈ గేటు కూడా దొరికేది కాదు."

ఆ చివరి మాటే ఆమెను కోర్సు ఆఫీసు దాకా తోసింది. చేరేసరికి నాలుగున్నర.

గుమస్తా ఫారం చూసి డిగ్రీ కాగితం అడిగాడు. నలగకూడదని ఎన్నడో లామినేషన్ చేయించి, బీరువాలో చీరల కింద దాచుకున్నదాన్ని సంచిలోంచి తీసి ఇచ్చింది.

"ఇది ప్రొవిజనల్ అమ్మా. ఒరిజినల్ ఏది?"

"ఇదే ఒరిజినల్ బాబూ. జిరాక్సు కాదు."

గుమస్తా నవ్వలేదు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. ఆరు నెలల వరకే చెల్లును.

రోజుకు వెయ్యి డబ్బాల మీద గడువు చదివే మనిషి, తన కాగితం మీది గడువు ఒక్కసారీ చదవలేదు. దాన్ని చూసే పెద్దాయన ఉద్యోగం ఇచ్చాడు, ఇక చాలనుకుంది.

"ఇప్పుడెలా బాబూ?"

"ఫీజు కట్టి, నెలలో ఒరిజినల్ తెస్తానని రాసివ్వండి. తేకపోతే సీటు పోతుంది."

"మరి డబ్బు?"

"డబ్బు ముందే పోయిందిగా అమ్మా."

కాలేజీకి ఫోను చేస్తే, తొందరపెడితే నెల, కాకపోతే నెలన్నర, గట్టిగా చెప్పలేమన్నారు. ఆమె పక్కకు జరిగింది. వాడినవాణ్ణి అడిగింది, అమ్మేవాణ్ణి అడిగింది. చివరికి ఈ కాగితాన్ని కొనాల్సింది చిన్నసారు కదా, ఆయన్ను అడగనే లేదు! వెంటనే ఫోను చేసింది.

"సార్, కోర్సులో చేరితే స్టోరు నాకే ఉంటుందా?"

"చేరక్కా, మంచిదే కదా."

"మంచిదే సార్. స్టోరు ఉంటుందా?"

"అప్పటికి చూద్దాం. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరొచ్చారు, వాళ్ళతోనూ మాట్లాడుతున్నాం."

"ఉంటుందని కాగితం మీద రాసిస్తారా సార్?"

అవతల చిన్న నవ్వు. "మన మధ్య కాగితాలేంటక్కా?"

ఫోను పెట్టేశాక కూడా ఆమె దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. చూద్దాం అన్నవాడు సరుకు కొనడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అమ్మా, ఐదు నిమిషాలుంది. కడతారా?" గుమస్తా పిలిచాడు.

ఆమె సంచిని రెండు చేతులా పొట్టకు అదుముకుంది. కడితే తలదాచుకునే చోటు పోతుంది, స్టోరు నమ్మకం లేదు. కట్టకపోతే స్టోరు ఇప్పుడే పోతుంది, సగం జీతంతో ఆ అద్దె ఎన్నాళ్ళు కడుతుంది? ఎటు కూడినా మిగులు కనబడలేదు. ఉన్నవి రెండు నష్టాలు. ఒకటి ఇంటిల్లిపాదినీ రోడ్డున పడేసేది, రెండోది తన ఒక్కదాని తల వంచేది.

"కట్టను బాబూ."

కిటికీ మూసుకుంది. మెట్లు దిగుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది, కొంగుతో నోరు నొక్కుకుంది. గోడౌనుకు వెళ్ళబుద్ధి కాలేదు, ఇంటికీ వెళ్ళబుద్ధి కాలేదు. చీకటి పడేదాకా తిరిగి, టోకు మందుల కొట్లున్న వీధిలోకి వచ్చింది. మొదటి కొట్టాయన తాళంచెవి వెతుక్కుంటున్నాడు.

"అయ్యా, స్టోరు చూసే మనిషి కావాలా?"

"సర్టిఫికెట్ ఉందా?"

"లేదండీ. సరుకు తెలుసు."

ఆయన తల అడ్డంగా ఊపి షట్టరు లాగాడు. పక్క కొట్టుది ఇంకా సగమే దించి ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుని, నడుం వంచి, చీకటిగా ఉన్న లోపలికి చూసి, "అయ్యా, ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది.