వెండికాగితం ఉంగరం

ఆ సెలవుల్లో లెక్కల టీచరమ్మకి పడ్డ పని, వీధిలో ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరడం. "చదువు చెప్పే చేత్తో చెత్త ఏరించడమేమిటి?" అని తోటి టీచర్లు మూతులు తిప్పుకున్నారు. ఆమె మాత్రం మొదటిరోజే పేరిచ్చింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాన్న ఖాళీ కుర్చీ ఎదురుగా కనబడుతుంది.

సిగరెట్ల సర్వే శిక్షణ రోజున సూపర్వైజరు గోడకి ప్రపంచపటం తగిలించి, సిగరెట్లు కాల్చేవాళ్లు ఏ దేశాల్లో తగ్గుతున్నారో, ఎక్కడ తగ్గడం లేదో రంగుల్లో చూపించాడు. "కాలుస్తారా అని అడిగితే జనం బొంకుతారు. దొంగసరుకు అమ్మకాల లెక్కలకెక్కదు. పారేసిన పెట్టె మాత్రం అబద్ధమాడదమ్మా!" అన్నాడు. ఒక్కొక్కరికీ ఒక వీధి ఇచ్చాడు. నలిగినా తడిసినా, కనబడ్డ ప్రతి పెట్టెనూ ఏరి సంచీలో వేయాలి. రెండు వారాల తర్వాత అదే వీధిలో మళ్లీ ఒకసారి ఏరాలి.

ఆమెకి వచ్చిన వీధి చివర పాలబూత్, దాన్ని ఆనుకుని చెల్లెలు పనిచేసే కళ్లజోళ్ల దుకాణం. ఆ దుకాణం మెట్ల పక్కనే దొరికింది అరవై మూడో పెట్టె. అది నాన్న కాల్చే రకమే. మూత తెరిచి చూసింది. లోపల వెండికాగితంతో చేసిన ఉంగరం.

ఆమె ఉంగరాన్ని పర్సులో దాచుకుని, పెట్టెను సంచీలో వేసింది.

నాన్న పెట్టె ఖాళీ అయినప్పుడల్లా లోపలి కాగితాన్ని మూడు మడతలు వేసి, వేలికి చుట్టి, పైన రాయిలా ముడి వేసి, ఆ ముడి జారకుండా పంటితో నొక్కేవాడు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ ఉంగరాలు పెట్టుకుని మహారాణుల్లా బడికి వెళ్లేవాళ్లు. అలా చేయడం ఆయన తర్వాత ఒక్క చెల్లెలికే వచ్చు. ఈ ముడి మీద కూడా పంటిగాటు ఉంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే నవ్వింది. "ఏమక్కా, ఎన్ని ఏరావు? పాతసామాన్లవాడు నిన్ను చూసి కుళ్లుకుంటున్నాడట!"

టీచరమ్మ ఉంగరాన్ని కంచం పక్కన పెట్టింది. చెల్లెలి నవ్వు ఆగిపోయింది.

"అది నాన్నదక్కా. ఎప్పటిదో..."

"నాన్న పోయి పధ్నాలుగు నెలలు. పెట్టె మీద తేదీ పోయిన నెలది. రోజుకి ఎన్ని, పిచ్చుకా?"

చిన్నప్పుడు గింజలు ఏరినట్టు తినేదని నాన్న పెట్టిన పేరది. ఆ పేరు వినగానే చెల్లెలి కళ్లు వాలిపోయాయి.

"ఒకటే. అదీ పూర్తిగా కాల్చను. వెలిగించి పట్టుకుంటానంతే. గదిలోకి నాన్న వచ్చినట్టుంటుంది."

"ఆయనా ఒకటే అనేవాడు."

"మానేస్తాన్లే అక్కా. నీ మీద ఒట్టు." మంచినీళ్లు తాగి, మాట మార్చినట్టుగా అడిగింది. "ఆ వీధి మొత్తం నీదేనా?"

"పాలబూత్ దాకా. మలుపు తిరిగితే వేరేవాళ్లది."

చెల్లెలు తలూపింది. చేతులు కడుక్కుంటూ దగ్గింది. గట్టిగా రెండుసార్లు, కాస్త ఆగి, మెల్లగా ఒకసారి. టీచరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాన్న దగ్గు మొదలైంది కూడా అలాగే. "ఒకసారి ఎక్స్‌రే తీయిస్తావా తల్లీ?" అని ఆయన నోరు తెరిచి అడిగితే, "పరీక్ష పేపర్లు దిద్దడం కానీ నాన్నా" అంది తను. పేపర్లు దిద్దడానికి ఏడు వారాలు పట్టింది. "కాస్త ముందు తీసుకురావలసింది" అన్నాడు డాక్టరు.

ఆ రెండు వారాలూ ఆమె పక్కగదిలో చెల్లెలి దగ్గు కోసం గోడకి చెవి ఒగ్గే బతికింది. ఎక్స్‌రే మాట ఎత్తితే "దుమ్ముకి దగ్గక్కా, నువ్వు మరీనూ" అని చెల్లెలు కొట్టిపారేసేది. ఒట్టు వేసిన మనిషిని ఇంకేమని నిలదీయడం?

రెండోసారి ఏరే రోజున ఆమె ప్రతి పెట్టెనూ తెరిచి చూసింది. యాభై ఎనిమిది పెట్టెలు. ఒక్కదాంట్లోనూ ఉంగరం లేదు. పాలబూత్ దగ్గరికి వచ్చిన సూపర్వైజరు కాగితం చూసి సంబరపడ్డాడు. "తగ్గిందే టీచరమ్మా! మీ చెయ్యి మంచిది!"

ఆమె కూడా నవ్వబోయింది. పక్క దుకాణం అద్దాల వెనక చెల్లెలు ఎవరికో కళ్లజోడు పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని దగ్గుతోంది. ఆ చప్పుడు అద్దం దాటి రాలేదు. కాని భుజాలు రెండుసార్లు ఎగిరి, ఆగి, మళ్లీ ఒకసారి కదిలాయి.

'ఆ వీధి మొత్తం నీదేనా?'

టీచరమ్మ మలుపు వైపు నడిచింది.

"అటెక్కడికమ్మా? అది మీ వీధి కాదు!" సూపర్వైజరు కేక వినబడుతూనే ఉంది. ఆమె మలుపు తిరిగింది. పది అడుగులు వేసిందో లేదో, కాలవగట్టున ఒక పెట్టె. దానికి కాస్త అవతల ఇంకోటి. రోజుకి ఒకటే అయితే, పది సిగరెట్ల పెట్టెలు రెండు వారాల్లో ఒకటిన్నర కూడా ఖాళీ కావు. మూడోది చెత్తడబ్బా అంచున ఉంది. మూడింట్లోనూ ఉంగరాలున్నాయి.

వాటిని సంచీలో వేయలేదు. సంచీని బూత్ అరుగు మీద పెట్టేసి, ఉంగరాలు గుప్పిట్లో పట్టుకుని నేరుగా దుకాణంలోకి వెళ్లింది.

"పర్సు తీసుకో, పిచ్చుకా. ఎక్స్‌రేకి వెళుతున్నాం."

"ఇప్పుడా? బేరం ఉందక్కా. ఆదివారం..."

టీచరమ్మ గుప్పిట తెరిచింది. చెల్లెలు ఆ మూడింటినీ చూసి, మెల్లగా కళ్లజోళ్ల పెట్టె మూసింది.

"ఒట్టు తప్పానని తిట్టవా?"

"తర్వాత తిడతాను."

"నాకు భయమేస్తోందక్కా. ఏం చెబుతారో అని."

"నాక్కూడా," అంది టీచరమ్మ. చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రి దాకా ఆ చెయ్యి వదల్లేదు.