వెన్నులో కదలని డ్రాగన్

ఆ రోజు పొద్దున్న కూడా, డ్రాగన్ కుంగ్‌ఫూ బడి నడిపే మా నాన్న వాకిట్లో అదే పాట ఎత్తుకున్నాడు.

"ఒరేయ్ షింగ్, నడుము ఎక్కడ తాకట్టు పెట్టొచ్చావురా? డ్రాగన్‌కి గోళ్ళు చూపుకేరా వెధవా! కదిలేది వెన్ను. నడుము లేస్తే భుజం లేవాలి, భుజం లేస్తే చెయ్యి తెరుచుకోవాలి. నువ్వేమో దుంగలా తిరుగుతున్నావు."

తమ్ముడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను ముందుగదిలో మూలికల నూనె కాస్తూ పళ్ళు కొరుక్కున్నాను. మా ఊరు వైచౌలో ఎముక విరిగిన ప్రతివాడూ నా దగ్గరికే వస్తాడు. షింగ్ వెన్నులో ఒక పూస పక్కకి జరిగిందని నా వేళ్ళకు తెలుసు. పడవ దిగుతూ జారిపడ్డానన్నాడు. నాన్నకు చెబితే నాతో మాట్లాడనని ఒట్టు పెట్టాడు. ఇంకోసారి మెలితిప్పితే కాళ్ళు పడిపోతాయని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు మొండిఘటం!

సరిగ్గా అప్పుడే దిగాడు మాక్, నది అవతలి కుంగ్‌ఫూ బడి నుంచి. నాన్న టీ పోయించాడు. మాక్ తాగలేదు, కప్పు బోర్లించాడు. సవాలన్నమాట. గుమ్మం మీద మా తాత చెక్కించిన బడి పేరు పలక ఉంది. ఓడినా, వెనక్కి తగ్గినా అది దిగిపోతుంది. పలక లేని బడికి శిష్యుడు రాడు.

"మావాడు వస్తాడు," అన్నాడు నాన్న, కొడుకు వైపు చూడకుండానే.

వాకిట్లో ఇద్దరూ ముంజేతులు ఆనించి నిలబడ్డారు. మాక్ మెల్లగా నొక్కాడు. షింగ్ దిగి, తేలి, మెలితిరగాలి. వాడేమో భుజాలతో నెట్టాడు. పెదాలు తెల్లబడ్డాయి. మాక్ కళ్ళు చికిలించాడు. ఎదుటివాడి నడుము చచ్చిపోయిందని అతని చేతికి తెలిసిపోయింది.

"నడుమురా!" అని అరిచాడు నాన్న. "నడుము తిప్పు!"

షింగ్ ఊపిరి బిగబట్టాడు. తిప్పబోతున్నాడు.

నేను స్టూలు లాగి, ఎక్కి, పలక రెండు చేతులా పట్టి పీకాను. మేకులతో సహా ఊడొచ్చింది. గోడ సున్నం నా నెత్తిన రాలింది.

"ఆపండి! పలక దిగింది. మా బడి ఓడిపోయింది."

చుట్టూ నిలబడ్డ శిష్యులు వెనక్కి జరిగారు. షింగ్ నన్ను చంపేసేలా చూశాడు. "అక్కా, నీకేం పుట్టిందే! నా పరువు తీశావు కదే!"

"పరువు తర్వాత సంపాదించుకోవచ్చులేరా. ముందు కాళ్ళుండనీ!"

మాక్ పలకను చంకన పెట్టుకుని నాన్నకు తలవంచాడు. ఒక్క వెక్కిరింత మాట కూడా అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నాన్న నా మీదకి వచ్చాడు. చెయ్యెత్తాడు. "మా నాన్న చెక్కించిన పేరది! ఎందుకు చేశావు?"

"వాడి వీపు తడిమి చూడు. ఇన్నాళ్ళూ తిట్టావు గాని, ఒక్కసారి చెయ్యి పెట్టావా?"

ఎత్తిన చెయ్యి దింపి, కొడుకు చొక్కా పైకి లాగాడు. వెన్ను మీద బొటనవేలు కిందికి జార్చాడు. నడుము దగ్గరికి రాగానే షింగ్ చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు. శిష్యులు తలలు తిప్పుకున్నారు.

నాన్న గొంతు మారిపోయింది. "ఎప్పుడు తగిలిందిరా?"



"పడవ దిగుతూ," అన్నాను నేను.

"కాదక్కా," అన్నాడు షింగ్. "కొత్త సంవత్సరం ముందు. వెన్ను మెత్తబడట్లేదని నాన్న నా వీపు మీద మోకాలు పెట్టి భుజాలు వెనక్కి విరిచాడు చూడు, ఆ రోజు."

నాన్న చెయ్యి ఆ పూస మీదే ఉండిపోయింది. తీస్తే ఏమవుతుందోనని భయపడ్డట్టు, నేను నూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టేదాకా అలాగే నిలబడ్డాడు.