ముగ్గురికి సరిపడా గాలి

చింతకర్రతో మూడో దెబ్బ కొట్టి బుడేన్ చెవి ఒగ్గాడు. లారీ వెనక చక్రం 'ధణ్' మంది. "ఇది కడుపు నిండా తినింది" అని పక్క చక్రం దగ్గరికి జరిగాడు. అది 'దబ్' మంది. "దీనికి రాత్రి కూడు పెట్టలేదు గదప్పా నువ్వు!" అని డ్రైవరును తిట్టి, పంపు గొట్టం లాగాడు.

నంద్యాల బస్టాండు వెనక వీధిలో, నాపబండలు పరిచిన చిన్న వసారా అతని అంగడి. వయసు అరవైకి రెండు తక్కువ. మనిషి సన్నగా, వంగిన కడ్డీలా ఉంటాడు. బొటనవేళ్లు మాత్రం రబ్బరు నలుపు ఇంకిపోయి, ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు లావుగా ఉంటాయి. అతని చెవి గురించి ఊళ్లో చాలా చెప్పుకునేవారు. మిడుతూరులో చక్రం బుస్సుమంటే నంద్యాలలో బుడేన్ ఉలిక్కిపడి లేస్తాడనేవారు. అదంతా కోతలు. గాలి ఇటు వీచే రోజుల్లో మాత్రమే లేచేవాడు.

అతని నోరు చెవికేమీ తీసిపోదు. బండి ఆత్మకూరు దగ్గర ఒకసారి లారీ టైరు పేలితే, ఆ సద్దుకు ఊళ్లో కోళ్లన్నీ వారం దినాల గుడ్లు ఒక్కతూరే పెట్టేశాయని చెప్పేవాడు. ఎవరైనా నవ్వితే, "నవ్వుతాండావా? ఆ గుడ్లు పగలగొట్టి సూస్తే లోపల ఉడికే ఉండె" అని ఇంకో మెట్టు ఎక్కేవాడు.

ఇన్ని కథలు చెప్పే మనిషి ఒక్క టైరు కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది లోపలి గోడకు, మేకుకు వేలాడుతూ ఉంది. సన్నటి చిన్న టైరు. పక్కన జానెడు చీలిక.

అది డాక్టరు అనసూయమ్మ బుడ్డ కారుది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి బేబీ ఆస్టిన్. వానొస్తే డ్రైవరు ఏసయ్య దాన్ని చంకన పెట్టుకొని వరండాలోకి పోతాడని బస్టాండులో ఎగతాళి చేసేవారు. నిరుడు ఆళ్లగడ్డలో బుడేన్ కూతురు హజీరాకు నెలలు నిండకముందే నొప్పులొస్తే, డాక్టరమ్మ ఆ కారులోనే బయలుదేరింది. శిరివెళ్ల దాటాక టైరు పేలింది. ఎద్దులబండి పట్టుకొని ఆమె చేరేసరికి పొద్దు వాలింది. బిడ్డ దక్కలేదు. మొనదేలిన రాయేదో దిగిందన్నారు అందరూ.

బుడేన్ ఆ టైరును ఒళ్లో పెట్టుకొని చూశాడు. నడుమ అరిగి నున్నగా ఉంది. రెండు అంచుల్లో మాత్రం గీతలు కొత్తవాటిలాగే ఉన్నాయి. గాలి ఎక్కువైన టైరే అలా నడుమ అరుగుతుంది. ముప్పై ఏళ్లు లారీలకు గాలి కొట్టిన చెయ్యి ఆ బుడ్డ కారుకు కూడా లారీ గాలే కొట్టింది. రాయి అన్నవాళ్లను రాయే అననిచ్చి, టైరును గోడకు తగిలించాడు.

లారీ వెళ్లిపోయింది. పంపు పిడి వదిలి ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. రెండు రోజుల నుంచి అక్కడ ఏదో పట్టేసినట్టుంది. అప్పుడే బుడ్డ కారు వచ్చి ఆగింది. దాని నెత్తిమీద తాళ్లతో కట్టిన నాలుగు కొత్త టైర్లున్నాయి. ఏసయ్య ఇంకా పూర్తిగా దిగకముందే అరిచాడు.

"బుడేనన్నా! తొలి బస్సు కండక్టరు కబురు తెచ్చినాడు. హజీరాకు తెల్లారుజామున నొప్పులు మొదలైనాయంట. డాక్టరమ్మ పది గంటలకు బయల్దేరతాది. పాత టైర్లు బోడిగుండ్లు. నీ కాడ దాచినవి ఉండాయంటివే, అవి వేస్తావో, మద్రాసునుంచి తెప్పించిన ఈ లావువి వేస్తావో, తొందరగా తేల్చు."

మళ్లీ నెలలు నిండకముందే. ఎల్లుండి పోయి పుట్టింటికి పిలుచుకొద్దామనుకున్నారు. బుడేన్ అటకకు నిచ్చెన వేసుకున్నాడు.

ఈ కారు కొలతకే సరిపోయే సన్న టైర్లు నాలుగు, యుద్ధం ముగిసిన ఏడు నుంచి అటక మీద ఉన్నాయి. గోనెపట్టలో, వేపాకులో చుట్టి పెట్టాడు. ఆ నాలుగింటి గురించి అతను కొట్టిన గొప్పలు పగిడ్యాల దాకా పోయాయి. కిందికి దించి ఒకదాన్ని వసారా అంచున పెట్టి, పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కాడు. రబ్బరు వంగింది. వంగినచోట చీమలబారు లాంటి పగుళ్లు తేలాయి. రెండోదీ అంతే. నాలుగూ అంతే.

"ఏందన్నా, కొత్తవే గదా? మన్ను గూడా తగల్లేదు" అన్నాడు ఏసయ్య.

"ఉత్తగా పండుకొని పండుకొని పుచ్చిపోయినాయి. ఈ ఎండకు పది మైళ్లు పోవు." పదకొండేళ్ల గొప్పను కాలితో పక్కకు తోశాడు. "ఆ మద్రాసు దొరసానులను దించు."

లావు టైర్లు ఎక్కించాడు. ఏసయ్యను లోపల కూర్చోబెట్టి స్టీరింగు కడదాకా తిప్పమన్నాడు. మడ్డిగార్డు అంచుకు రబ్బరు 'కీచ్' మని రాసుకుంది. సుత్తికి గుడ్డ చుట్టి, కుండను తట్టినంత నెమ్మదిగా ఆ రేకు అంచును లోపలికి మడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, గోడకు ఆనుకొని ఊపిరి తీసుకున్నాడు.

"గాలి నలభై పౌండ్లకు పెట్టన్నా. గట్టిగా ఉంటే తేలిగ్గా పోతాది" అన్నాడు ఏసయ్య. అతనూ ఒకప్పుడు లారీలో క్లీనరే.

"నోరు మూసుకో. టైరు లావయ్యే కొద్దీ గాలి తగ్గల్ల."

"గేజి పెట్టి సూడు పోనీ."

"ఈ గేజి లారీలది నాయనా. ముప్పై కింద దీనికి లోకమే లేదు."

గాలి కొట్టి, కుండలోంచి సున్నపునీళ్లు తీసి వసారా ముందరి నల్లబండ మీద పలుచగా పూశాడు. ఈలోగా డాక్టరమ్మ సంచీతో వచ్చింది. ఆమె వెనకే బుడేన్ భార్య షంషాద్. లక్క గాజులు పోసే మనిషి, పొయ్యి ముందునుంచి అట్లే లేచి వచ్చినట్టుంది, వేళ్లకింకా ఎర్ర లక్క అంటుకొని ఉంది. ముగ్గురినీ కారులో ఎక్కమన్నాడు బుడేన్.

"ఇంకా కాలేదా సాయిబూ?" అంది డాక్టరమ్మ.

"మీ బరువు తెలియకుండా గాలెట్ల కొట్టేదమ్మా? కూసోండి."

ఏసయ్య కారును బండ మీదుగా నెమ్మదిగా నడిపాడు. బుడేన్ మోకాళ్ల మీద కూర్చుని ముద్ర చూశాడు. సున్నం చక్రం నడుమన మాత్రమే చెదిరింది. అంచులు నేలను తాకలేదు. గోడ మీది టైరు చెప్పిన మాటే ఇదీ చెప్పింది. గాలి వదిలాడు. ఈసారి అంచులే అంటుకున్నాయి, నడుమ ఖాళీ. పంపుతో నాలుగు పోట్లు కొట్టాడు. మూడోసారి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పట్టీ నేసినట్టు ముద్ర పడింది. వెనక చక్రాలకు కొంచెం ఎక్కువ పెట్టి అవీ అట్లే చూశాడు. అప్పుడుగానీ లేచి నిలబడలేదు.

"నువ్వూ రా హజీరా అబ్బా. యెనక సందుంది" అంది షంషాద్.

"నేను రాను. ముగ్గురికే కొట్టినా గాలి. నాలుగో మనిషెక్కితే లెక్క తప్పుతాది."

"నీ గాలి పాడుగాను! బిడ్డ ఆడ అల్లాడతాంటే..."

"అందుకే. ఆ లక్క ఇట్లా ఇయ్యి" అన్నాడు, ఆమె కొంగున కట్టుకొచ్చిన ఉండ చూసి. అది మనవడో మనవరాలో పుడితే వేడి వేడిగా గాజు పోద్దామని ఆమె తెచ్చుకున్నది. గొణుక్కుంటూనే ఇచ్చింది.

దీపం వెలిగించి దాని మీద లక్క కరిగించి, నాలుగు చక్రాల గాలిమూతుల మీద బొట్టుబొట్టుగా పోసి, వేడి చల్లారకముందే బొటనవేలితో నొక్కాడు. తపాలా ఆఫీసువాళ్లు మూటకు ముద్ర వేసినట్టు. ఏసయ్య నవ్వాడు.

"ఏందన్నా ఇది, నా మీద నమ్మకం లేదా?"

"ల్యా. శిరివెళ్లలో దిగుతావు. చక్రం మీద చెయ్యేస్తావు. కాలతా గట్టిగా ఉంటాది. అయ్యో ఎక్కువైందే అని ఇంత వదుల్తావు. మీ డ్రైవర్లంతా చేసేది అదే. పొద్దున చల్లగా ఉండంగ కొట్టిన గాలి అది, ఎండకు ఉబ్బుతాది, చల్లబడితే మళ్ల సరిపోతాది. వదిలినావంటే సాయంత్రానికి నేల కరుస్తాది." ఆఖరి ముద్ర దగ్గర ఆగి, తల ఎత్తకుండానే, గొంతు తగ్గించి అన్నాడు. "నిరుడు రాయి కాదు ఏసయ్యా. నా చెయ్యే. గాలి ఎక్కువ పెట్టినా."

ఏసయ్య నవ్వు ఆగింది. గోడ మీది టైరు వైపు ఒకసారి చూశాడు. తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"పోయొస్తా అన్నా" అన్నాడు చివరికి.

కారు మలుపు తిరిగే దాకా బుడేన్ దాని చప్పుడు విన్నాడు. చక్రాలు మెత్తగా, తడి నేల మీద పిల్లి నడిచినట్టు పోయాయి. అతను వసారా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎదుటి టీ బంకు రంగయ్య గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"కూతురికి పురుడంట గదా? యాడ పోయింటాది కారు ఇప్పుడు?"

"అయ్యలూరు దాటింటాది."

"ఇనపడతాందా ఏమి?" అని రంగయ్య వేళాకోళమాడాడు.

"ఇనపడతాంది పో."

ఎండ ముదిరింది. బండ మీద సున్నం ఆరి తెల్లబడింది. బుడేన్ చెవి ఆళ్లగడ్డ దారికే పెట్టుకొని కూర్చున్నాడు. ఇప్పుడు శిరివెళ్ల. ఇప్పుడు నిరుడు టైరు పేలిన చోటు. అక్కడ నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఇంకొంతసేపు విన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. భుజం నొప్పి ఒకసారి పైకి పాకి, అక్కడే ఆగింది. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకొని, తల గోడకు వాల్చాడు.

మధ్యాహ్నం గ్లాసు కోసం వచ్చిన రంగయ్యకు టీ అలాగే కనిపించింది, పైన మీగడ కట్టి. "ఏందప్పా, నిద్రా?" అని భుజం తట్టాడు.

పొద్దు వాలుతుండగా బుడ్డ కారు వచ్చింది. ఏసయ్య ఒక్కడే ఉన్నాడు. ఇంజను ఆపకుండానే అరుస్తూ దిగాడు.

"బుడేనన్నా! మనవరాలు! తల్లీ బిడ్డా కులాసా! శిరివెళ్ల కాడ నా చెయ్యి లాగిందప్పా, నీ ముద్ర సూసి దొంగోని మాదిరి ఎనక్కి తీసుకున్నా..."

వసారాలో నలుగురు లేచి నిలబడ్డారు. వాళ్ల వెనక మంచం మీద తలదాకా తెల్లగుడ్డ కప్పి ఉంది. ఏసయ్య వెనక్కి పోయి ఇంజను ఆపాడు.

కాసేపటికి రంగయ్య వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "షంషాదమ్మను పిలుచుకురావల్ల. మళ్ల పోయి రా నాయనా. పోయేముందు టైర్లలో గాలి సూసుకో, దూరం గదా."

ఏసయ్య చక్రం ముందు గొంతుకూర్చున్నాడు. చెయ్యి చాపి, మూతి దగ్గర ఆపాడు.

"సూడాల్సిన పనే ల్యా" అన్నాడు.

గాలిమూతి మీద ఎర్ర లక్క, దుమ్ము పట్టినా పగలకుండా ఉంది. దాని మీద బొటనవేలి గీతలు ఒక్కటీ చెరగకుండా ఉన్నాయి.