ఏరేసిన చెనక్కాయలు

"వెంకటరమణమ్మ ఆంటీ దిగింది కోడలి ఇంట్లో, కాపురం మాత్రం మానస ఇంట్లో" అని పక్కింటి శాంతకుమారి ఎవరితోనో అందట. ఆ మాట టెస్కో సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో రఘు చెవిన పడింది. అన్నం తింటూ, నవ్వుతూ పెళ్లానికి చెప్పాడు.

కిరణ్మయి నవ్వలేదు.

అబద్ధమైతే నవ్వి ఉండేది. కదిరి నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చిన అత్తగారు కొన్నాళ్లు ఇంట్లో బుద్ధిగానే కూర్చుంది. పక్క వీధిలో మానస యాపిల్ చెట్టుకు తీగబుట్ట కట్టి పిట్టలకు గింజలు పోస్తుందనీ, దానికి రామచిలుకలు వస్తాయనీ తెలిసిన రోజు నుంచి అత్త కాలు ఇంట్లో నిలవలేదు. సాక్సుల మీద చెప్పులు, స్వెటర్ మీద శాలువా, మధ్యాహ్నం కాగానే పోవడమే. తిరిగొచ్చి కూడా ఆ ఊసే.

"మానస టీలో అల్లం దంచి ఏస్తాది మే. పిన్నీ అని నోరారా పిలుస్తాది."

పిన్నంట! తణుకు పిల్లకీ కదిరి ముసలమ్మకీ ఎక్కడి చుట్టరికం? కిరణ్మయి కూడా అల్లం దంచి టీ పెట్టింది. అత్త తాగి, కప్పు పక్కన పెట్టింది. శాలువా అందుకుంది.

దాంతో కిరణ్మయి కూడా తీగబుట్ట కొనుక్కొచ్చింది. గింజలకు కొదవ లేదు. అత్త సొంత చేను చెనక్కాయలు ఒలిచి, ఆ పప్పు సూట్‌కేసు నిండా తెచ్చింది. వాటిని వెనక షెడ్డులో పెడితే చెమ్మకు సగం బూజుపట్టాయి. అత్త కూర్చుని మంచివి ఒక పళ్లెంలోకి, పచ్చబూజువీ ముడుచుకుపోయినవీ ఇంకో పళ్లెంలోకి ఏరింది.

"పారేయొద్దు మే. ఊర్లో ఏరేసినవన్నీ దంచి ఎనుముకే పెడతాంటి. దాని పాలు తాగే మన రఘుగాడు ఇంత మనిషైనాడు. ఇంకొకరికి చుక్క పోసింటే ఒట్టు!"

కిరణ్మయి పారేయలేదు. వంటింటి కిటికీ బయట కట్టిన బుట్టలో పోసింది.

చిలుకలు వచ్చాయి! అత్త కుర్చీ వంటింటి కిటికీ దగ్గరకు జరిగింది. ఆ మధ్యాహ్నం శాలువా కొక్కెం మీంచి కదల్లేదు. కిరణ్మయి ఫొటో తీసి, "మా అత్తకు ఇప్పుడు ఇంట్లోనే కాలక్షేపం" అని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చూడాల్సిన మనిషి చూడాలనే పెట్టింది.

చూసింది. సాయంత్రం ఆఫీసు బ్యాడ్జి మెడలో ఉండగానే మానస నేరుగా పెరట్లోకి వచ్చేసింది. పశువుల దాణా కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం.

"అక్కా, ఆ గింజలు తీసెయ్యండి. ఫొటోలో బూజు కనపడింది. దాన్లో విషం ఉంటుంది, పిట్టలకి లివర్ పోతుంది. దాణాలో మేం రోజూ వెతికేది దీన్నే."

కిరణ్మయికి వినపడింది ఒకటే. "ఏం, చిలకలు మీ చెట్టు మీదికి రాలేదనా?"

"అయ్యో, అది కాదక్కా."

"పోనీ, వేయించి పోస్తాలే."

"వేయించినా పూర్తిగా పోదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ మా అత్త ఇవే ఎనుముకు పెడతా ఉండె!"

మానస తలెత్తి వెంకటరమణమ్మను చూసింది. "ఆ సంగతి వద్దులే అక్కా. బుట్ట విప్పేద్దాం" అంటూ చెయ్యి చాపింది.

కిరణ్మయి అడ్డం నిలబడింది. కిటికీలోంచి అత్త చూస్తోంది. ఫ్రిజ్ తెరిచి టీలోకి పాలు తీస్తున్న రఘు కూడా చూస్తున్నాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"ఎందుకు వద్దు? చెప్పు. మా ఎనుము ఏమన్నా చచ్చిందా? అడుగు, మా అత్త ఈడే ఉంది కదా!"

"గేదె తట్టుకుంటుందక్కా. విషాన్ని పాలల్లోకి దించేస్తుంది. కాచినా పోదు. ఆ పాలు ఎవరు తాగారో పిన్నిని మీరే అడగండి."