గండయ్య లేచి నవ్వే షాటు

ఐలమ్మకు సినిమా చూడాలనీ ఉంది, చూడాలంటే భయంగానూ ఉంది. ఈ రెండింటి నడుమ నలిగి, నాచారంలోని ఆ ఇంట్లో వారం రోజులుగా ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వలేదు. పొద్దున లేస్తూనే పోదామనేది, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా వద్దనేది. కోడలు త్రివేణి ఫోన్లో టికెట్లు తీయబోవడం, ఆగడం, మళ్లీ తీయబోవడం.

ఆ సినిమా పేరు ‘ముహూర్తం కొబ్బరికాయ’. పాతికేళ్ల కిందటిది. సినిమావాళ్ల మీద సినిమావాళ్లే తీసుకున్న ఎగతాళి. నాచారంలో అప్పుడున్న ఒక స్టూడియోలోనే మొదటి నుంచి చివరి దాకా తీశారు. అప్పట్లో వారం కూడా నిలవలేదు. దేవుడి పటాన్ని వెనక్కి తిప్పి మేకులు చూపిస్తే దండం పెట్టేవాళ్లకు ఏం బాగుంటుంది? జనం మొహం తిప్పుకున్నారు. ఇన్నేళ్లకు అందులోని ముక్కలు కుర్రాళ్ల ఫోన్లలో తిరిగి తిరిగి, దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. కొత్తగా మెరుగులు దిద్ది ఉప్పల్లో ఒక హాల్లో వేస్తున్నారు.

అందులో ఐలమ్మ భర్త గండయ్య ఉన్నాడు. శవంగా.

శవం వేషంలో గండయ్యది అందెవేసిన చెయ్యి. స్టూడియో గోడలు కట్టేటప్పుడు ఇటుకలు మోయడానికి వెళ్లి, గోడలు లేచాక లోపలే ఉండిపోయి జూనియర్ ఆర్టిస్టు అయ్యాడు. గుంపులో నిలబెడితే అందరిలో ఒకడు. పడుకోబెడితే మాత్రం అతన్ని మించినవాడు లేడు. ఈగ వాలినా రెప్ప కదలదు. హీరో మీద పడి ఏడ్చి గుండెల మీద గుద్దినా ఊపిరి కనబడదు. హీరోల తండ్రులు, మంచి జమీందార్లు, దొంగల చేతిలో పోయే వాచ్‌మెన్లు, ఎవరు పోవాల్సి వచ్చినా ముందు గండయ్యకే కబురు వచ్చేది.

ఐలమ్మకు అది గిట్టేది కాదు. బతికున్న మనిషి మెడలో దండ వేస్తే యముడు చూసి ఊరుకుంటాడా అని ఆమె బెంగ. ఆ బెంగ సినిమావాళ్లకూ ఉంది. అందుకే వాళ్లకొక ఆచారం. శవం వేషం వేసినవాడు షాటు అయిపోగానే లేచి కూర్చుని కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వును కూడా కెమెరా పట్టుకోవాలి. అప్పుడే కీడు విరిగిపోయినట్టు. ఆ నవ్వు ఏ సినిమాలోనూ రాదు, చెత్తబుట్టలోకి పోతుంది. కానీ ఇది సినిమా తీయడం గురించిన సినిమా కనుక, గండయ్య లేచి నవ్వే షాటును అందులో ఉంచేశారు.

విడుదలైన రోజు ఐలమ్మ వెళ్లింది. తెర మీద మొగుడి ముక్కుల్లో దూది కనబడగానే మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి సైకిల్ స్టాండులో కూర్చుంది. లోపల జనం పగలబడి నవ్వడం అక్కడికి వినబడింది. ఆ మనిషి నవ్వు నేను ఇంట్లో చూడనిదా అనుకుంది.

కరోనా వచ్చిన ఏడు గండయ్యను అంబులెన్సు తీసుకుపోయింది. దవాఖానా నుంచి అతను అటే వెళ్లిపోయాడు. ఐలమ్మ మొహం చూడలేదు. ఇంట్లో ఉన్న ఫోటోల్లో గండయ్య బిగుసుకుని ఉంటాడు. కెమెరా ఎదురైతే చాలు, ఒళ్లు అలవాటుగా చచ్చిపోయేది. పెళ్లి ఫోటోలోనూ అంతే. ఆయన నవ్విన బొమ్మ లోకంలో ఒక్కటే ఉంది. అది ఉప్పల్లో ఆడుతోంది.

మరి వెళ్లడానికేం? త్రివేణే ఫోన్లో చదివి నోరు జారింది. ఇప్పుడు వేసే సినిమాలో అక్కడక్కడా కత్తిరించారట.

“సచ్చింది ఉంచి లేసింది కోసిన్రనుకో,” అన్నది ఐలమ్మ. “నా కండ్లల్ల గా పీనుగే మిగుల్తది గదనే. కడసారి మొకం సూడకపోతి. ఇప్పుడు సూసి, గదొక్కటే మిగిలితె ఎట్ల బతకాలె?”

త్రివేణి హాలుకు ఫోన్ చేసి, శవం లేస్తుందా అని అడిగింది. అమ్మా, ఇది దయ్యాల సినిమా కాదు అని అవతలి మనిషి పెట్టేశాడు.

చివరికి బయల్దేరదీసింది మంగతాయారు. పక్క వీధిలోనే ఉంటుంది. సినిమాలకని తణుకు వైపు నుంచి వచ్చి నాచారంలో పాతుకుపోయిన మనిషి. ఏడవడం ఆమె పని. గండయ్య శవమైన చోటల్లా తల దగ్గర కూర్చుని గుండెలు బాదుకున్నది ఆమే.

“మీ ఆయన కోసం నీకంటే నేనే ఎక్కువసార్లు ఏడ్చాను వదినా,” అన్నది తాయారు. “నాకు లేని భయం నీకెందుకు? పద.”

ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లారు ముగ్గురూ. హబ్సిగూడ దాకా ఒక ఆటో, అక్కణ్నుంచి మెట్రో స్తంభాల కింద ఇంకో ఆటో. హాలు నిండా కుర్రాళ్లే. పేర్లు పడగానే కాగితం ముక్కలు ఎగరేశారు. వారం ఆడని సినిమాకు ఇంత మర్యాదేమిటని తాయారు ముక్కున వేలేసుకుంది.

కథలో ఒక నిర్మాత, ఒక హీరో. హీరోగారి సినిమాకు ఇంకా కొబ్బరికాయ కొట్టకముందే విజయోత్సవం జరిగిపోతుంది, గజమాల పడుతుంది. ఆ రోజుల్లో ఈ సీనుకు, వచ్చిన కొద్దిమందీ పొట్టలు పట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. హీరోగారి మనవడి మీద ఉయ్యాల్లోనే క్లాపు కొట్టి, బారసాల నాడే అభిమాన సంఘం పెడతారు. ఆ పిల్లగాడు ఇప్పుడు ఏం సినిమాలు చేస్తున్నాడని త్రివేణి నిజంగానే అడిగింది. హాలు బయట మైకు పట్టుకుని, కనబడినవాళ్లకల్లా సినిమా ఎలా ఉందో చెప్పే పిచ్చివాడు ఒకడుంటాడు. అతన్ని తాళ్లతో కట్టి తీసుకుపోతారు. పాపం, అతనేం చేశాడని వెనక వరసలో ఎవరో జాలిపడ్డారు.

ఒకచోట రచయిత కథ చెప్పడానికి వస్తాడు. మన హీరో తెలంగాణ మాట మాట్లాడతాడండీ అంటాడు. నిర్మాత నవ్వి నవ్వి కుర్చీలోంచి కింద పడతాడు. పాతికేళ్ల కింద నాచారం జనమే ఆ సీనుకు, తమ మాట మీద తామే, పడీ పడీ నవ్వారు. ఐలమ్మ కూడా నవ్వింది. ఇప్పుడు హాలంతా నిశ్శబ్దం.

“ఇండ్ల కామెడీ ఏమున్నదిరా?” అని పక్క సీటు కుర్రాడు దోస్తును అడిగాడు. దోస్తుకూ తెలియలేదు. కుర్చీ కాలు విరిగిందేమో అన్నాడు.

ఊరగాయలో కారం ఇంకిపోయి ముక్క మిగిలినట్టు, ఆ సినిమాలో ఎగతాళి ఇంకిపోయి మనుషులు మిగిలారు. తాయారు వాళ్లనే వెతుక్కుంటోంది. హీరోకు గొడుగు పట్టినవాడు పోయాడు. చాయ్ తెచ్చినవాడు దమ్మాయిగూడలో ఉన్నాడు, మనిషిని గుర్తుపట్టడు. వెనక డాన్సు చేసిన పిల్లల్లో ఒకామె ఏఎస్ రావు నగర్‌లో చీరల దుకాణం పెట్టింది, మిగతావాళ్ల జాడ లేదు. ఒక్కొక్కరూ తెర మీదికి రావడం, తాయారు పేరు చెప్పడం, వాళ్లు పక్కకు తప్పుకోవడం.

ఐలమ్మ చూస్తున్నది ఇంకొకటి. ఆమె చాలా కాలం దారం మిల్లులో పనిచేసింది. ఆ మరల రొదలో మాట వినబడదు కనుక, మిల్లు ఆడవాళ్లు పెదవులు చూసే ముచ్చట్లన్నీ పెట్టుకునేవాళ్లు. సినిమాలో మాటలేమో తర్వాత ఎవరెవరో చెప్పినవి. నోరు ఒకటంటే గొంతు ఇంకొకటంటుంది. హీరోకు జేజేలు పలుకుతున్న గుంపులో ముందున్న ముసలాయన, పప్పు ఒడిసిందట, ఇగ చారేనట అంటున్నాడు. జమీందారు కాళ్ల మీద పడి క్షమించమంటున్న పనివాడు, బీడీ ఉన్నదా అని పక్కవాణ్ని అడుగుతున్నాడు. ఐలమ్మ ఒక్కొక్కటే చెవిలో చెబుతుంటే త్రివేణికి పాప్‌కార్న్ పొలమారింది. వినబడే సినిమా కోస్తా మాటల్లోనూ, కనబడే సినిమా నాచారం మాటల్లోనూ నడుస్తోంది. రెండో దాంట్లోనే కథ బాగుంది.

అప్పుడు గండయ్య వచ్చాడు.

మండువా నడుమ చాప మీద హీరో తండ్రిగా పడుకుని ఉన్నాడు. మెడలో బంతిపూల దండ, ముక్కుల్లో దూది, దారంతో కట్టిన కాలి బొటనవేళ్లు. తల దగ్గర పడుచు మంగతాయారు జుట్టు విరబోసుకుని ఉంది. ఐలమ్మ చెయ్యి కొంగు కోసం వెళ్లింది, వెళ్లి ఆగింది. ఈసారి చూసింది. ఇంతమంది నడుమ, ఇంత మంచి పంచెలో, తల దగ్గర ఒక మనిషి ఉండగా ఆయన పోయి ఉంటే ఎంత బాగుండేదనిపించింది.

హీరో గుమ్మంలోకి వచ్చి నాన్నా అని అరిచాడు. బొమ్మ ఆగిపోయింది. విశ్రాంతి అని అక్షరాలు పడి, దీపాలు వెలిగాయి.

అప్పట్లో ఇంటర్వెల్ ఇక్కడ కాదే అని తాయారు గొణిగింది. కత్తెర పెట్టింది ఇక్కడేనన్నమాట అనుకుంది ఐలమ్మ.

తాయారు బయటికి వెళ్లి సమోసాలు తెచ్చింది. పొట్లం విప్పబోతుంటే ఐలమ్మ ఇద్దరి వైపూ చూసింది.

“ఇంట్ల పీనుగు ఉండంగ ముద్ద ముడుతరానె?”

అది సినిమా పీనుగని తాయారు చెప్పబోయింది. తెర మీద ఇప్పుడు ఎవరూ లేరని త్రివేణి చెప్పబోయింది. ఆ మొహం చూసి ఇద్దరూ మానుకున్నారు. నూనె వాసన ముక్కులకు తగులుతుండగా ముగ్గురూ చావింట్లో కూర్చున్నట్టే కూర్చున్నారు. ఇంతలో ఫోనుకు మైకు తగిలించుకున్న ఒకతను వరసల మధ్య తిరుగుతూ వచ్చి, సినిమా ఎట్లుందమ్మా అని ఐలమ్మను అడిగాడు. ఇంక లేవలే బిడ్డా అన్నది ఆమె. ఫస్టాఫ్ లేవలేదంటున్న పెద్దమ్మ అని తన ఫోనుకు చెప్పుకుంటూ అతను ముందుకు వెళ్లాడు.

దీపాలు ఆరాయి. తెర మీద మండువా లేదు, చాప లేదు. మంచు కొండల్లో పాట వచ్చింది. మంచంటే చర్లపల్లి గుట్టల మీద పరిచిన దూదే. హీరో హీరోయిన్ వెంట దొర్లుతున్నాడు.

“అయిపాయె,” అన్నది ఐలమ్మ. “ఆయన్ని గాడనే ఇడిసిపెట్టిన్రు.”

సంచీ భుజాన వేసుకుంది. ఈ పాట అప్పుడు ఇక్కడే ఉందా అని తాయారును నిలదీసింది. పాతికేళ్లాయె, నాకేం గుర్తు వదినా అన్నది తాయారు. త్రివేణి అత్త మణికట్టు పట్టుకుని, ఈ ఒక్క పాట అయ్యేదాకా ఉండమని బతిమాలింది. లేచి నిలబడితే వెనకవాళ్లు కూర్చోమన్నారు. ఐలమ్మ సీటు అంచున సగం కూర్చుంది.

పాట ముగిసింది. హీరో వేరే చొక్కాలో, నల్లకళ్లద్దాలు తుడుచుకుంటూ మళ్లీ అదే గుమ్మంలోకి వచ్చి, మళ్లీ నాన్నా అన్నాడు. తండ్రి శవం చాప మీద ఉండగా నడుమ ఒక పాట పాడుకుని వచ్చాడన్నమాట. ఆ ఒక్క వెటకారం మాత్రం ఇన్నేళ్లకూ చెడిపోలేదు. హాలంతా నవ్వింది. ఐలమ్మ సంచీ ఒళ్లోకి దించుకుంది.

హీరో మాటలు మొదలుపెట్టాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకున్నావనీ, పెద్దయ్యాక పగ తీర్చమన్నావనీ చెబుతూనే ఉన్నాడు. ఎక్కడినుంచో సన్నగా గురక. డైరెక్టర్ కట్ చెప్పాడు. అసిస్టెంటు పరిగెత్తుకొచ్చి శవాన్ని కుదిపాడు. లేవయ్యా, లేచి కెమెరాలోకి చూసి నవ్వు, లేకపోతే అరిష్టం అన్నాడు.

గండయ్య కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో ముందు తెలియలేదు. దండతో మూతి తుడుచుకున్నాడు. కట్టిన బొటనవేళ్ల వైపు ఆశ్చర్యంగా చూశాడు. అప్పుడు కెమెరా కనబడింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, అన్నిటికన్నా చివర నోరు తెరుచుకుంది. పైన ఒక పన్ను లేని సందు. నవ్వు తోసిన తోపుకు ఒక ముక్కులోని దూది ఎగిరి హీరో చొక్కా మీద పడింది.

హాలు ఈలలతో మోగిపోయింది. ఐలమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తెర మీంచి చూపు తీయకుండానే పొట్లం వైపు వేలు చూపించి, తినమన్నది.

తెర మీద గండయ్య పెదవులు కదిలాయి. సార్, రెండో భాగంలో నేనున్నానా అని ఎవరిదో కోస్తా గొంతు పలికింది. శవమైనా సరే తన మాట తాను మాట్లాడే రోజులు కావవి. పోయినవాడు రెండో భాగంలోకి ఎలా వస్తాడని అప్పట్లో నవ్వారు. ఇప్పుడు కుర్రాళ్లు సీట్ల మీదికెక్కి, ఉన్నావు, ఉన్నావని మాట ఇచ్చారు.

ఐలమ్మ తాయారు వైపు తిరిగింది.

“ఆయన అన్నది గది కాదు. ‘ఐలమ్మకు చెప్పకున్రి’ అన్నడు.”

సమోసా తాయారు నోటి దగ్గర ఆగిపోయింది. ఆ మాట గండయ్య తన వైపు తిరిగే అన్నాడని ఆమెకు గుర్తొచ్చింది.

“కాలేళ్లు గూడ కట్టిన్రని నువ్వు గా పొద్దే వచ్చి చెప్పినవు గదనే,” అన్నది ఐలమ్మ. “నాలుగొద్దులు మాట్లాడలే ఆయనతోని. చాయ్ గూడ పొయ్యలే.”

“చెప్పొద్దన్నాక చెప్పకుండా ఎలా ఉంటాను వదినా.”

ఐలమ్మ ఆమె చేతిలోని సమోసాలో సగం తుంచుకుంది. కెమెరా హీరో మీదికి తిరిగింది. బొమ్మలో ఒక మూలకు గండయ్య ఇంకా ఉన్నాడు, వంగి బొటనవేళ్ల దారం విప్పుకుంటున్నాడు.

“ఇంటికి రా, నీ సంగతి జెప్త,” అన్నది ఐలమ్మ.

తాయారు తననే అన్నదనుకుని తల ఊపింది. కానీ ఐలమ్మ చూస్తున్నది తెర వైపు.