అయ్యగారి గొంతు

ఆళ్లగడ్డ పాస్టరు యాకోబుకు నోరే ఆస్తి. మొగుడూ పెళ్ళాల తగువొస్తే సంఘంలో ఎవరూ పోలీస్ స్టేషన్ గడప తొక్కరు, అయ్యగారి మాట కోసం చూస్తారు. ఆయనకూ ఒక పద్ధతి ఉండేది. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లను తిరిగి పంపాలంటే ముందు తానే ఆ మొగుడింటికి పోయేవాడు. వాడి మొహం చూసి, బైబిలు మీద చెయ్యి పెట్టించి మాట తీసుకున్నాకే "మీ ఆయనతో మాట్లాడినా, ఇంక పో తల్లీ" అనేవాడు.

అయితే మనిషి ఒక్కడు, గోడు వెళ్ళబోసుకునేవాళ్ళు ఊరంతా. మేనల్లుడు సందీప్ ఆయన ఫోన్లో ఏఐ పెట్టి, పాత వాట్సాప్ వాయిస్ సందేశాలన్నీ దానికి నేర్పి, ఆయన గొంతుతోనే జవాబులు పోయేలా చేశాడు. మొదట్లో యాకోబు ప్రతిదీ విని, దిద్ది పంపేవాడు. తర్వాత సగమే వినేవాడు. ఆ తర్వాత దాని మానాన దాన్ని వదిలేశాడు. వండిపెట్టేవాళ్ళు దొరికితే పొయ్యి వైపు చూసే ఓపిక ఎవరికుంటుంది?

సంజీవయ్య కూతురు జ్యోత్స్న, నంద్యాలలో మొగుడి దెబ్బలకు తాళలేక పుట్టింటికొచ్చి ఉంది. "ఇంగ కొట్టనంటాండాడు, పోదునా అయ్యగారూ?" అని ఆమె వాట్సాప్‌లో అడిగిన పూట యాకోబు కోయిలకుంట్లలో గృహప్రతిష్ఠ విందులో ఉన్నాడు. ఆయన విస్తరి ముందు నుంచి లేవకముందే జవాబు వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే జ్యోత్స్న నంద్యాల ఆస్పత్రి మార్చురీలో ఉంది. మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోయారు.

పరుగున వచ్చిన యాకోబు చేతులు పట్టుకుని సంజీవయ్య బావురుమన్నాడు.

"మీరు పొమ్మన్నారనే పంపినా అయ్యగారూ. లేకుంటే వాని గడప తొక్కనిస్తానా?"

"నేను యాడ చెప్పినా సంజీవయ్యా?"

సంజీవయ్య ఒక చెయ్యి వదలకుండానే కూతురి ఫోను తీసి వినిపించాడు. యాకోబు గొంతే. "క్షమించడమే గొప్ప తల్లీ. మీ ఆయనతో మాట్లాడినా, ఇంక పో. నీ కోసం ప్రార్థన చేస్తాండా."

ఆ మొగుడి మొహం కూడా యాకోబు ఎరగడు. తాను అలవాటుగా అనే మాటను యంత్రం వల్లించింది. అవును నేనే అన్నానని ఊరుకుంటే పరువైనా దక్కుతుందన్న పాడు ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. దాన్ని ఆయన అక్కడే తుంచేశాడు.

"అది నేను కాదప్పా. ఫోన్లో ఏఐ మాట్లాడింది. నా గొంతు దానికిచ్చినా. ఏం చెప్పిందో గూడా నేను ఇనలేదు."

సంజీవయ్య ఫోను వైపు చూశాడు, ఆయన మొహం వైపు చూశాడు.

"అయితే వానితో మీరు మాట్లాడలేదా?"

"లేదు."

"నా బిడ్డ అడిగింది గూడా తెలీదా?"

"తెలీదు."

సంజీవయ్య ఆయన చెయ్యి వదిలేశాడు. గోడకానుకుని కూర్చున్న అతని భార్య జయమ్మ తలెత్తింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

"బస్సెక్కేముందు గూడా ఆ మాటే పెట్టుకోని ఇనింది. అయ్యగారు మాట్లాడినారు గదమ్మా, ఇంగ భయం ల్యాదు అనింది."

 లోపల్నుంచి ఎవరో జ్యోత్స్న తాలూకు వాళ్ళను పిలిచారు. సంజీవయ్య భార్యను లేపి నిలబెట్టాడు. యాకోబు అలవాటు కొద్దీ బైబిలు చంకలో సర్దుకుని వాళ్ళ వెంట అడుగు వేశాడు.

"మట్టి మేమే పోసుకుంటాం," అన్నాడు సంజీవయ్య. "నువ్వు రావాకు."