నిరాశకు తొంభై ఆరు మార్కులు

మిల్లు మూతపడిన మూడేళ్లకు ప్రభుత్వానికి మా వీధి గుర్తొచ్చింది. చితికిపోయిన వీధులకు చేయూతనిచ్చే పథకమట. వీధికి ఆరు కుట్టు మిషన్లు, మిల్లు పాత షెడ్డు ఇస్తారు. ఎవరికివ్వాలో మార్కులు చూసి తేలుస్తారు. ఎవరు ఎక్కువ నిరాశలో ఉంటే వాళ్లకి ఎక్కువ మార్కులు.

మా వదినకి ఆ మిషన్లు కావాలి. ఆస్పత్రి వాళ్లు దుప్పట్లు, దిండు గలీబులు కుట్టించుకుంటామని మాటిచ్చారు. ఉన్న ఒక్క మిషనుతో అది తెమిలే పని కాదు. అన్నయ్య లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. నేను మిల్లులో చెకింగు సెక్షన్లో పద్దెనిమిదేళ్లు బట్టలో తప్పులు వెతికాను. బట్ట లేకపోయాక నాలో నేను వెతుక్కుంటూ, వదిన పెట్టింది తింటూ ఉన్నాను.

నిరాశ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఆవిడకి శిక్షణ నేనే మొదలుపెట్టాను.

"ఆఫీసరొచ్చి, భవిష్యత్తు మీద నమ్మకం ఉందా అంటాడు. ఏం చెప్తావు?"

"ఎందుకు లేదూ, ఆరు మిషన్లొస్తుంటే."

"అదే వద్దనేది. కళ్లు దించి, లేదండీ అను."

"లేదండీ," అని ఫక్కున నవ్వింది. "నీ మొహం చూస్తూ ఆ మాటంటే నవ్వు ఆగట్లేదు మరిదీ."

వారం రోజులు తంటాలు పడ్డాం.

మార్కులు వెయ్యడానికి ఇంటికొచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడు. గలీబుల దొంతర పక్కకి జరిపి, కుర్చీలో కూర్చుని ఫారం తీశాడు.

"పొద్దున్నే లేవాలనిపిస్తుందామ్మా?"

"నేను లేవకపోతే పనెవరు చేస్తారండీ?"

నేను దగ్గాను.

"అంటే, అనిపించదండీ," అని దిద్దుకుంది.

"ఈ సాయం అందకపోతే ఏం చేస్తారు?"

ఏమీ చేయలేనండీ అనాలి. వదిన చూపు మూలనున్న బీరువా మీదికి పోయింది.

"ఆ బీరువా అమ్మేసి ఇంకో పాత మిషను కొంటానండీ."

ఆఫీసరు జాలిగా పద్దెనిమిది మార్కులు వేశాడు. "మీకు ఆశ మరీ ఎక్కువగా ఉందమ్మా. ఇది మీలాంటి వాళ్ల కోసం పెట్టింది కాదు."

అప్పుడొచ్చింది వదినకి అసలైన నిట్టూర్పు. అప్పటికే ఆయన కలం మూత పెట్టేశాడు.

ఇంట్లో పెద్దవాళ్లందర్నీ అడగాలన్నది నియమం. నా వంతొచ్చింది. నటిద్దామనే కూర్చున్నాను. మొదటి ప్రశ్నకే మూడేళ్లుగా పేరుకున్నదంతా కదిలింది. ఆయన ఇంకో కాగితం తీయాల్సొచ్చింది. నేను చెప్పేది ఒక మనిషి శ్రద్ధగా రాసుకోవడం నా జీవితంలో అదే మొదలు. తొంభై ఆరు వేశాడు.

"నాలుగు ఎక్కడ పోయాయండీ?" అన్నాను.

"ఇలా అడిగారు చూడండి, అక్కడ."

అలా ఆరు మిషన్లూ సూదిలోకి దారమెక్కించడం రాని నా పేరిట వచ్చాయి.

"యజమానిగారూ, నన్ను పన్లో పెట్టుకుంటారా?" అంది వదిన. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

షరతు ఒకటుంది. ఆర్నెల్లకి మళ్లీ వచ్చి చూస్తారు. లబ్ధిదారు కోలుకుంటే పథకం పని అయిపోయినట్టే. మిషన్లు ఇంకో వీధికి తీసుకుపోతారు.

వదిన, వీధిలో మరో అయిదుగురు ఆడవాళ్లు షెడ్డులో కుట్టడం మొదలుపెట్టారు. నేను గలీబులు వెలుతురుకి పట్టి చూసేవాణ్ణి. "తప్పుల దొర వచ్చాడు, కుట్లు సర్దుకోండే," అనేవాళ్లు. నాలుగో నెలలో నాకు ఆకలి పుట్టింది. అయిదో నెలలో కూనిరాగం వచ్చింది.

"ఏమిటా పాట?" వదిన మిషను ఆపింది. "కాస్త దిగాలుగా ఉండు నాయనా. అందరి పొట్టలూ కొట్టేలా ఉన్నావు."

ఆర్నెల్లు నిండగానే ఆఫీసరు షెడ్డుకే వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

"పొద్దున్నే లేవాలనిపిస్తుందా?"

నాలో వెతికాను. మూడేళ్లు నాదని చెప్పుకోవడానికి మిగిలిన ఆ ఒక్క దిగులూ దొరకలేదు. దాని స్థానంలో భయం ఉంది, ఈ షెడ్డు పోతుందేమోనన్న భయం. వదిన తల వంచి, సూదిలో ఉన్న దారాన్నే తీసి మళ్లీ ఎక్కిస్తోంది.

"లేదండీ," అన్నాను. "అసలు అనిపించదు."

అంత పచ్చి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఆయన నా మొహంలోకి తేరిపార చూసి, ఫారం మీద సంతకం పెట్టాడు. "మీరేం మారలేదండీ," అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

మిషన్లు దక్కాయి. ఆడవాళ్లు నవ్వుతూ పన్లో పడ్డారు. నేను గలీబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇంకో ప్రశ్న కూడా వెయ్యకుండా ఆయన నన్ను నమ్మేయడం మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.